ఉప్పు లేని గురువారం

పది నెలల తర్వాత మా బడి తాళం తీయడానికి ముగ్గురు మగవాళ్లం పావుగంట కుస్తీ పట్టాం. అటెండరు కొబ్బరినూనె పోశాడు. పీఈటీ సారు రాయితో కొట్టాడు. నేను ఇన్‌చార్జి హెడ్మాస్టరు హోదాలో పక్కన నిలబడి సలహాలిచ్చాను. చివరికి తాళం వచ్చింది, గొళ్లెంతో సహా, చుట్టూ ఇంత సున్నపు పెచ్చుతో సహా. లోపల తొమ్మిదో తరగతి గదిలో పావురాలు కాపురం పెట్టి, పిల్లల్ని పెంచి, ఆ పిల్లలకు పెళ్లిళ్లు చేసి, మనవల్ని కూడా ఎత్తుకున్నట్టున్నాయి. మమ్మల్ని చూసి ఒక్కటీ ఎగరలేదు. ఎవరో కిరాయికి ఇల్లు చూడవచ్చారనుకున్నాయేమో.

చిలుకూరు దాటి కాలువ గట్టు పట్టుకుని పోతే వచ్చే ఊరు మాది. మాది అంటే బడి మాత్రమే. నా కాపురం సూర్యాపేటలో. కరోనా వచ్చాక బస్సు మానేసి, రోజూ హైవే మీద లారీల మధ్య నుంచి బండి మీద వెళ్లేవాణ్ని. రోగం నుంచి ప్రాణం కాపాడుకోవడానికి ప్రాణం పణంగా పెట్టడమంటే అదే.

ముందు తొమ్మిది, పది తరగతులకే అనుమతి. మొత్తం నలభై ఒక్కమంది. పైనుంచి వచ్చిన సూచనలన్నీ అతికిస్తే అంగవస్త్రమంత పొడుగయ్యాయి. బెంచీకి ఒక్కరు, మనిషికీ మనిషికీ ఆరడుగులు, గేటు దగ్గర జ్వరం చూసే తుపాకి. ఆ తుపాకి మొదటిరోజే ఒక పిల్లవాడికి నూట ఎనిమిది చూపించింది. వాడు అక్కడే నేల మీద కూలబడ్డాడు. అనుమానమొచ్చి గోడకు పెట్టి చూస్తే గోడకు నూట పది. ఎండలో పెట్టిన తుపాకికే జ్వరం వచ్చిందని తేలేసరికి నాకూ కొంచెం వచ్చింది.

అన్నింటికన్నా భయపెట్టింది తల్లిదండ్రుల అంగీకార పత్రం. సంతకం కోసం వచ్చిన ఒక తల్లి ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"గిదెందుకు సారూ?"

"పిల్లను బడికి పంపుడు మీకు ఇష్టమే అని, అమ్మా."

"ఇష్టం లేకుంటే పని ఇడిసిపెట్టి ఈడిదాక ఎందుకొస్తం?"

"అంటే... రేపు ఏదన్నా అయితే..."

"ఏదన్నా అయితే ఈ కాయితం ఏం జేస్తది సారూ?"

నా ఇరవై రెండేళ్ల సర్వీసులో ఏ ఇన్‌స్పెక్షన్‌లోనూ అంత కష్టమైన ప్రశ్న రాలేదు. ఆమె వేలిముద్ర వేసి వెళ్లిపోయింది. నలభై ఒక్క కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాను. ఆ రోజు నుంచి ప్యాంటు ఒకవైపే జారేది.

నా భయం ఒక్కటే. రోగం బడిలోకి రాకూడదు. వస్తే పిల్లల మీదుగా ముసలివాళ్లున్న ఇళ్లలోకి వెళ్తుంది, బడి మళ్లీ మూతపడుతుంది. మూతపడితే పదో తరగతిలో సగంమంది మిరపతోటల్లోకి వెళ్లి మళ్లీ వెనక్కి రారు. అందుకే పొద్దున ప్రార్థన కాగానే రోజూ ఉపన్యాసమిచ్చేవాణ్ని. ఫంక్షన్లకు పోవద్దు, గుంపులో తినొద్దు, ఒంట్లో బాగాలేకపోతే దాచొద్దు. చెప్పీ చెప్పీ నా గొంతే పోయింది. గొంతు పోయిందని పిల్లలు భయపడతారేమోనని ఉపన్యాసం తగ్గించాను.

ఇంత చెప్పిన పెద్దమనిషిని ఆ ఆదివారం ఎక్కడున్నానంటే, మిర్యాలగూడలో. మా బామ్మర్ది గృహప్రవేశం. రైసుమిల్లు గుమస్తా పని చేస్తూ కట్టుకున్న ఇల్లు. పోకపోతే మా ఆవిడ నాకు గృహప్రవేశం లేకుండా చేస్తుంది. సరే, పోయి దూరంగా నిలబడి వద్దామనుకున్నాను. గేటు దగ్గరే బామ్మర్ది వచ్చి వాటేసుకున్నాడు.

"బావా, మాస్కు తియ్యి బావా. ఫోటోల నీ మొకం పడొద్దా? రేపు మా పిల్లలు సూసి గీ దొంగ ఎవడు అంటరు."

తీశాను. తీసినవాణ్ని ఊరుకున్నానా, పక్కపక్కనే కూర్చుని ఇద్దరం కలిసి ఒక మేకను దాదాపు పూర్తి చేశాం. అతను నా ఆకులోకి, నేను అతని ఆకులోకి ముక్కలు వేసుకుంటూ, నవ్వుకుంటూ.

గురువారం పదకొండున్నరకు ఆఫీసు గదిలో ఉండగా ఫోను మోగింది.

"బావా, మంచిగున్నవా?"

"మంచిగనే ఉన్న. ఏందిరా?"

"ఏం లేదు. ఒళ్లు గిట్ల నొస్తలేదు గదా?"

"ఎందుకు నొస్తది?"

"అంటే... నాకు జర పాజిటివ్ వచ్చింది బావా."

"జర పాజిటివ్ ఏందిరా! జర కడుపుతో ఉన్నదన్నట్టు!"

"నారాజ్ గాకు బావా. నువ్వు నా పక్కపొంటే కూసుంటివి గదా. అందుకే పరేషాన్ల ఉన్న."

ఫోను పెట్టేశాను. ఆదివారం నుంచి లెక్క వేశాను. సోమ, మంగళ, బుధ. మూడు రోజులు బడి మొత్తం కలియదిరిగాను. తొమ్మిదో తరగతి పిల్లవాడి నోట్సు పట్టుకున్నాను. పదో తరగతి గదిలో అరగంట గట్టిగా పద్యం చదివాను. పద్యం చదివితే నోట్లోంచి తుంపర్లు ఎంతదూరం వెళ్తాయో ఆ క్షణంలో నా కళ్లకు కట్టింది. మూడో బెంచీ దాకా ఖాయం.

సరిగ్గా అప్పుడే వంటామె కిటికీ గట్టు మీద ప్లేటు పెట్టింది.

పిల్లలకు మధ్యాహ్నం అన్నం వడ్డించకముందు ఒక టీచరు తిని చూడాలి, చూసి రిజిస్టరులో రాయాలి. అది నియమం. ఆ పని ఎప్పుడూ నాదే. రుచి బాగుంది, రుచి బాగుంది, రుచి బాగుంది అని ఏళ్ల తరబడి రాసిన రిజిస్టర్లు దొంతర పెడితే ఆమె పొయ్యి కన్నా ఎత్తు ఉంటాయి. నిజంగానే బాగుండేది. ఆ వంటామెకు ఊళ్లో పెద్ద పేరు. మూత తీసి ఆవిరి పీల్చి "ఇంకో పిడికెడు పడాలె" అనేది. అంతే, ఉప్పు సరిగ్గా సరిపోయేది. పెళ్లిళ్లలో వంటవాళ్లు ఆమెను పిలిపించి ఆవిరి చూపించేవాళ్లంటే నేను అతిశయోక్తి చెప్తున్నాననుకుంటారు. చెప్తున్నాను, కానీ కొంచెమే.

గురువారం సాంబారు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను.

ఏమీ లేదు.

పప్పు మెత్తగా తగిలింది. ములక్కాడ నారగా తగిలింది. రుచి మాత్రం లేదు. గోడకు వేసే సున్నానికైనా ఏదో ఒక రుచి ఉంటుంది. నాలుక మీద చెప్పుల దుకాణం పెట్టినట్టు, తోలు తప్ప ఇంకేమీ తెలియలేదు. వెన్నులో మొదలైన చెమట బూట్లలోకి దిగింది.

"ఎట్లున్నది సారూ?" అంది వంటామె బయట నుంచి.

లేదని చెప్తే? రుచి తెలియని మనిషికి ఆ రోజుల్లో ఒకటే అర్థం. నలభై ఒక్కమంది ముందు, ఈ కిటికీ దగ్గరే, తేలిపోతుంది.

"మంచిగున్నది" అన్నాను. రిజిస్టరులో కూడా అదే రాశాను. 'బాగుంది' అన్న మాట భూకంపం తర్వాతి ఇల్లులా వచ్చింది.

ఆమె వెళ్లగానే తలుపు వేసుకుని వాసనల పరీక్ష పెట్టుకున్నాను. శానిటైజరు చూశాను, వాసన వచ్చింది. తర్వాత ఇంకు సీసా, శానిటైజరు వాసనే వచ్చింది. హాజరుపట్టీ, గాంధీ తాత ఫోటో, నా సొంత బూటు, అన్నీ శానిటైజరే. చాక్‌పీసు చూశాను, ఏమీ రాలేదు. అసలు చాక్‌పీసుకు వాసన ఉంటుందా? ఇన్నేళ్లు దాంతో బతికాను, ఒక్కసారి కూడా ఎందుకు వాసన చూడలేదు?

ఒక్క ఆశ మిగిలింది. సాంబారే బాగాలేదేమో! కిటికీలోంచి పిల్లల వైపు చూశాను. మా పిల్లలు మామూలుగా ఊరుకునే రకం కాదు. అన్నంలో రాయి తగిలితే ఆ రాయిని పట్టుకుని ఆఫీసు గది దాకా ఊరేగింపు తీస్తారు. ఆ రోజు మాత్రం వేపచెట్ల కింద దూరదూరంగా కూర్చుని, తల వంచుకుని, నోరెత్తకుండా తింటున్నారు. ఒక్కరూ అన్నం పారబోయలేదు. ఒక్కరూ ఊరగాయ అడగలేదు. లెక్కల మేడం, పీఈటీ సారు కూడా మరో చెట్టు కింద బుద్ధిగా తింటున్నారు.

అంటే సాంబారులో ఏ లోపమూ లేదు. నేనే.

రెండో మాస్కు పెట్టుకుని, గుమ్మంలోంచే లెక్కల మేడానికి చెప్పాను, ఎంఈఓ ఆఫీసులో అర్జంటు పని పడిందని. ఆమె అదోలా చూసింది. ఒక్క మనిషికీ దగ్గరగా పోకుండా, చెట్లను కూడా తప్పించుకుంటూ, బండి దగ్గరకు వెళ్లాను.

కోదాడ సర్కారు దవాఖానలో పరీక్షల లైను గేటు దాటి రోడ్డు మీద చెరుకురసం బండి దాకా ఉంది. లైను నత్తకన్నా మెల్లగా కదులుతోంది. నిలబడి ఆలోచించుకోవడానికి కావలసినంత సమయం. మూడో బెంచీ పిల్ల వాళ్లింట్లో నాయనమ్మకు ఆస్తమా. కిటికీ పక్కన కూర్చునేవాడి తండ్రికి గుండె ఆపరేషన్ అయింది. ఎవరి ఇంట్లో ఎవరున్నారో ఇన్‌చార్జి హెడ్మాస్టరుకు తెలిసినంతగా వీఆర్‌వోకు కూడా తెలియదు. ఒక్కొక్కరినీ తలుచుకుంటూ పోతే లైను చివరికి వచ్చేసరికి ఊరంతా నేనే పాడు చేసినట్టు తేలింది.

బడి విడిచే వేళ దాటాక నా వంతు దగ్గరపడింది. వెనకవాళ్లు విసుగొచ్చి వెళ్లిపోయినట్టున్నారు, ఆ జాగాలో ఎవరో హెల్మెటు తీయకుండా నిలబడి ఉన్నారు. ఆ బూట్లు నాకు తెలుసు.

"పీఈటీ సార్?"

హెల్మెటు అదిరిపడింది. "సార్! మీరు ఎంఈఓ ఆఫీసు అంటిరి?"

"నువ్వేందీడ?"

"అమ్మకు బీపీ గోళీలు తీస్కపోదామని..."

"గోళీల లైను అటుదిక్కు."

హెల్మెటు అటు తిరిగింది. ఆ వెనక కొంగు తల నిండా కప్పుకున్న మనిషి దగ్గింది. లెక్కల మేడం. ఆమెది కోదాడే. ఆంధ్ర సరిహద్దులోని ఆ ఊరి మాట సగం అటు, సగం ఇటు ఉంటుంది.

"సార్, ఒకటడుగుతాను, నవ్వకూడదు మరి" అంది. "ఇయ్యాల సాంబారు మీకెలా అనిపించిందండీ?"

చెరుకురసం బండి గంటలు మోగుతున్నాయి.

"రుచి బాగుందని రిజిస్టరులో రాశారు కదా" అంది మళ్లీ. "నాకు మాత్రం ఏమీ తెలియలేదండీ. ఇంట్లో చంటిపిల్ల ఉంది. అందుకని అటునుంచి అటే వచ్చేశాను."

హెల్మెటు లోపలి నుంచి సన్నగా వినిపించింది. "నాకు గూడ మేడం."

"నాకు గూడ" అన్నాను నేను.

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ముగ్గురికీ ఒక్క గంటలో, ఒక్క కుండలోంచి కరోనా రావడం ఎక్కడైనా ఉందా? "అంటే ఉప్పే లేదండీ! పులుపూ కారమూ మన భయమే మింగేసింది!" అంది మేడం. ముగ్గురం నవ్వాం. ముక్కులో పుల్ల పెట్టే కుర్రాడు లోపలి నుంచి తొంగిచూసి, ఈ లైనులో నవ్వేవాళ్లు కూడా ఉంటారా అన్నట్టు చూశాడు. పుల్లలు పెట్టించుకున్నాం. ముగ్గురికీ నెగెటివ్. నా సంగతి విని మాత్రం ఇంకో నమూనా తీసి పెద్ద పరీక్షకు పంపి, అది వచ్చేదాకా ఇంట్లోంచి కదలొద్దన్నారు.

ముందు నవ్వు ఆపింది మేడమే.

"మరి పిల్లలు ఎందుకు చెప్పలేదు సార్?"

నలభై ఒక్కమంది. ఒక్కరూ ఉప్పు లేదనలేదు. ఒక్కొక్కరూ తనకే రుచి పోయిందనుకుని, నాలాగే నోరు మూసుకుని మింగారు. ఈసారి ఉప్పు కాబట్టి సరిపోయింది. నిజంగా రుచి పోయినవాడు వాళ్లలో ఉంటే, వాడూ ఇలాగే దాస్తాడు. అప్పుడు నా తుపాకి, నా ఆరడుగులు, నా అంగవస్త్రం ఎందుకు పనికొస్తాయి?

"ఇంకోటుంది సార్" అన్నాడు పీఈటీ సారు, హెల్మెటు తీసి. "ఆవిరి సూసి ఉప్పు చెప్పే మనిషి, అసలు ఉప్పే ఎట్ల మర్చిపోయింది?"

ముగ్గురం మళ్లీ ఊరికి బయల్దేరాం. వంటామె ఇంటి ముందు సందులో ఎడంఎడంగా నిలబడి పిలిచాం. ఆమె వాకిట్లోకి వచ్చింది. మా ముగ్గురి మాస్కులు చూడగానే ఆమెకు అర్థమైనట్టుంది. అడగకముందే చెప్పింది.

"పోయిన దసరా ముంగట జొరమొచ్చె సారూ. తగ్గింది. వాసన మాత్రం రాలె. నాలిక మీద ఏసుకుంటే ఉప్పు తెలుస్తది, ముక్కుకే ఏం తెల్వది. ఇయ్యాల గురువారం ఒక్కపొద్దు, ఎంగిలి చెయ్య. గురువారాలు మా తోటికోడలే ఉప్పేసి చూసేది, ఆమె నడుం నొప్పని రాలె. ఆమె లేదన్న సంగతే మర్చి, ఏసిందనే అనుకున్న."

"గిన్నిరోజులు ఎందుకు చెప్పలేదక్కా?" అన్నాను.

"చెప్తే పొయ్యికాడికి రానిస్తుంటిరా? కరోనా వచ్చిపోయిన చేతి బువ్వ అంటే ఊళ్లె ఎవరన్న పిల్లల్ని తిననిస్తుండెనా?" గొంతు పెంచింది. "నేనైతే ముక్కు సంగతి దాచిన. మరి మీరు? ఎట్లున్నదని అడిగితి గదా సారూ. మంచిగున్నదంటిరి. ఒక్క మాట లేదంటే నేను ఇంత ఉప్పేస్తుంటి. మీరెందుకు దాచిండ్రు?"

పీఈటీ సారు తన బూట్లు చూసుకున్నాడు. నేనూ అతని బూట్లే చూశాను.

సూర్యాపేటలో మా ఆవిడ మేడ మీది గదిలో చాప వేసి, కంచం గడప బయట పెట్టి, తమ్ముణ్ని తిట్టాల్సిన తిట్లన్నీ నన్ను తిట్టింది. అన్నం తినబుద్ధి కాలేదు. తెల్లారి ఇంట్లోంచి కదలొద్దన్న మాట సగం పాటించాను. బడికి వెళ్లాను కానీ గేటు దాటలేదు. రోడ్డు మీద, కాలువ గట్టు దగ్గర నిలబడి, ఆటల పోటీల చేతిమైకు పట్టుకున్నాను. పిల్లలు లోపల మైదానంలో ఎడంగా నిలబడ్డారు. దారినపోయే ట్రాక్టరువాడు నన్ను చూసి ఓట్ల ప్రచారమనుకుని వేగం తగ్గించాడు.

"నిన్న సాంబార్ల ఉప్పు లేదనిపించినోళ్లు చేతులెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. నలభై ఒక్క మాస్కుల పైన ఎనభై రెండు కళ్లు పక్కవాళ్లను చూస్తున్నాయి.

నా చెయ్యి ఎత్తాను. "నాకు లేదనిపించింది" అన్నాను మైకులో. మిర్యాలగూడ చెప్పాను, బామ్మర్ది సంగతి చెప్పాను, రిజిస్టరులో అబద్ధం రాశానని చెప్పాను, భయపడి దాచానని చెప్పాను. ఇన్నేళ్లలో నేనిచ్చిన ఉపన్యాసాల్లో అదే చిన్నది. మేడం చెయ్యెత్తింది. పీఈటీ సారు ఎత్తాడు. వంటగది ముందు నిలబడ్డ వంటామె మైకు అవసరం లేని గొంతుతో అంది. "ఉప్పు నేనే ఎయ్యలే బిడ్డా! నాకు వాసన తెల్వది. దసరా నుంచి తెల్వది!"

అప్పుడు ఒక చెయ్యి లేచింది. తర్వాత నాలుగు. తర్వాత మైదానమంతా.

"సార్, నేను ఊరగాయ అడుగుదామనుకున్న" అన్నాడు వెనకవాడు.

"మరెందుకు అడగలేదురా?"

"అడిగితే ఇంటికి తోలిస్తరని."

నవ్వులు మొదలయ్యాయి. ఒకడు రాత్రి ఇంట్లో చక్కెర, కారం, సబ్బు కూడా నాకి చూశాడట. మరొకడు బర్రెపేడ వాసన చూశాడట, వచ్చిందట, అంత సంతోషం ఎప్పుడూ పడలేదట. నా గుండె బరువు కూడా కొంత దిగింది. చేతులు దించమన్నాను. దించారు.

ఒక్క చెయ్యి మాత్రం దిగలేదు. పదో తరగతి పిల్ల, మూడో వరుసలో.

"నీకు గూడ ఉప్పు లేదా అమ్మా?"

"ఉప్పు సంగతి గాదు సార్." మాస్కు వెనక గొంతు సరిగా వినపడలేదు. మేడం గట్టిగా చెప్పమంది. "మా నాయినకు నాలుగు రోజుల సంది జొరం, దగ్గు. బడిల చెప్పొద్దన్నడు."

ఆ పిల్ల చుట్టూ ఉన్న పిల్లలు ఎవరూ చెప్పకుండానే రెండేసి అడుగులు వెనక్కి వేశారు. మైదానం మధ్యలో ఆమె ఒక్కతే మిగిలింది, చెయ్యి ఇంకా ఎత్తే ఉంది, దించాలని మర్చిపోయినట్టు. గేటు బయట నేను. లోపలికి పోవడానికి లేదు. జీవితంలో అంత పొడుగు గేటు చూడలేదు. మేడమే ఆమె దగ్గరకు నడిచి, నాలుగడుగుల దూరంలో ఆగి, "చెయ్యి దించమ్మా, మంచి పని చేశావ్" అంది.

ఏఎన్ఎంను పిలిపించాం. వేపచెట్టు కింద బల్ల వేసి ఒక్కొక్కరికి పరీక్ష చేసింది. కిట్లు బల్ల మీద వరసగా పేర్చింది, ఒక్కోదాని మీద గీత తేలడానికి పావుగంట. గేటు ఊచలు పట్టుకుని, ఒకదానిలో ఒకటి కలిసిపోతున్న నలభై ఒక్క పావుగంటలు లెక్కపెట్టాను. చిన్నప్పుడు నేర్చిన ఎక్కాలన్నీ ఆ రోజుకు ఖర్చయ్యాయి. మధ్యాహ్నానికి తేలింది. పిల్లలందరికీ నెగెటివ్, ఆ పిల్లకు కూడా. ఏఎన్ఎం ఆ పిల్ల వెంట ఇంటికి వెళ్లి చూస్తే వాళ్ల నాయనకు పాజిటివ్. ఆయాసం మొదలైంది. ఆయన్ను ఆటోలో సూర్యాపేట పెద్ద దవాఖానకు పంపారు. ఆయన వెళ్తూ వెళ్తూ కూతురితో ఒక్క మాట కూడా మాట్లాడలేదట.

పుస్తకాల సంచి కోసం తిరిగొచ్చిన ఆ పిల్లను, పదిహేను రోజులు ఇంట్లో ఉండమని నేను చెప్పడానికి గేటు దగ్గరకు పంపించారు.

"నేను చెప్పకుండ ఉండాల్సుండెనా సార్?" అంది.

"నువ్వు చెప్పబట్టే దవాఖానకు పోయిండు."

"మంచిగైతడా?"

అవుతాడు అనడానికి నోరు తెరిచాను. ముందురోజు అదే నోటితో 'మంచిగున్నది' అన్నాను. "తెల్వదమ్మా" అన్నాను. "రోజూ ఫోన్ చేస్త."

నా పెద్ద పరీక్ష కూడా నెగెటివ్ వచ్చింది. బామ్మర్ది కోలుకున్నాడు. బడి మూతపడలేదు. కానీ రోజూ సాయంత్రం ఆ ఇంటికి ఫోను చేసేటప్పుడు నా వేలు ఆఖరి అంకె మీద ఆగిపోయేది. ఎత్తేది ఆ పిల్లే. మొదట దవాఖాన నుంచి తెలిసిన నాయన ఆక్సిజన్ లెక్క చెప్పేది. "ఎనభై తొమ్మిది సార్." మర్నాడు "ఎనభై ఎనిమిది." నాలుగు రోజులు ఆ లెక్క ముందుకు పోలేదు. నేను ఇంట్లో మా ఆవిడ వేలికి, పక్కింటాయన వేలికి, చివరికి నా పది వేళ్లకూ ఆక్సిజన్ చూసే మిషను పెట్టి చూసుకుంటూ, తొంభై దాటిన ప్రతి అంకెను అటు పంపగలిగితే బాగుండనుకునేవాణ్ని. ఐదో రోజు తొంభై ఒకటి. తర్వాత తొంభై మూడు. తర్వాత ఇంటికి పంపించేశారంది.

ఇంకో వారం గడిచాక ఒక సాయంత్రం ఫోను చాలాసేపు మోగింది. ఎవరూ ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. మూడోసారికి నేను కుర్చీలోంచి లేచి, చెప్పులు కూడా వేసుకున్నాను, సూర్యాపేట నుంచి అటు పరుగెత్తుతానన్నట్టు.

నాలుగోసారి ఎత్తింది.

"మీ నాయిన ఏడి?"

"పొలం కాడికి పోయిండు సార్. వద్దంటే ఇనలే."

కుర్చీలో కూలబడ్డాను. "నీతోటి మాట్లాడుతుండా?"

"ఇయ్యాల మాట్లాడిండు సార్. బండి తాళం చెవి ఏడున్నది అన్నడు."

"మరి మాస్కు పెట్టుకున్నడా?"

"పెట్టుకున్నడు సార్."

"మూతికేనా?"

ఆలోచించింది.

"గదుమకు" అంది.